మా బండికి కుట్టించిన లంగా

మా ఇంటికి లంగా కుట్టించాలని మా అత్తయ్య తీర్మానించిన ఉదయం, కుళాయి నుంచి మా ఇంట్లోకి నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టం గడ్డకట్టుకుపోయింది. పళ్లు తోముకోవడానికి నేను బకెట్టు పట్టుకుని పక్కవాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. అలాంటి ఉదయాల్లో నన్ను ఎవరు ఏమన్నా, ఏమీ అనకపోయినా నాకు కోపం వస్తుంది. అత్తయ్య నెత్తిన మంకీ టోపీతో, కాళ్లకి మూడు జతల మేజోళ్లతో, వాటి మీద మా ఆయన పాత చెప్పులతో బయటికొచ్చింది. మా ఇంటిని ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎగాదిగా చూసింది.

"దీనికి కింద ఏమీ లేదే అమ్మాయ్! ఇన్నాళ్లూ దీన్ని ఇట్టాగే వదిలేశారా, సిగ్గు లేకుండా?" అంది.

ఇల్లంటే కారవాన్. చక్రాల మీద ఇల్లు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి నేను చేసుకుని చూశాను, ఫరవాలేదు. ఇల్లే కట్టలేక చూస్తున్నాం. టూవూంబా ఊరి చివర స్థలం కొన్నాం. బిల్డరు పునాది పోశాడు, చెక్క ఫ్రేము నిలబెట్టాడు. ఆ తరవాత ఆయనకి మా ఫోన్లు వినబడటం మానేశాయి. ఈలోగా అద్దె ఇంటి గడువు అయిపోయింది. "కొన్నాళ్లే కదా, సరదాగా ఉంటుంది," అని మా ఆయన సెకండ్ హ్యాండ్ కారవాన్ ఒకటి కొనుక్కొచ్చి కారవాన్ పార్కులో ఒక మూల నిలబెట్టాడు. ఎండాకాలంలో నిజంగానే సరదాగా ఉంది. చలికాలం వచ్చేసరికి ఫ్రేము ఎక్కడిదక్కడే ఉంది, సరదా ఒక్కటే పోయింది.

క్వీన్స్‌లాండ్ అనగానే మనవాళ్లందరూ సముద్రం, ఇసక, మామిడిపళ్లు అనుకుంటారు. టూవూంబా కొండ మీద ఊరు. జూలైలో ఇక్కడ పడమటి గాలి మొదలైందంటే చెవులు ఉన్నాయో లేవో తడిమి చూసుకోవాలి. ఆ గాలి బండి కింద ఈ పక్కన దూరి ఆ పక్కన తేలుతుంది. మాకూ దానికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క. హీటరు పెడితే వేడంతా పైకి పోతుంది. నెత్తి మీద రోహిణి కార్తె, అరికాళ్ల కింద మాఘమాసం. మా పార్కులో బుద్ధున్న బళ్లన్నీ జూన్‌లోనే ఉత్తరాన వెచ్చటి ఊళ్లకి వెళ్లిపోయాయి. మేమూ, పక్క బండి అంకులూ మిగిలాం.

అత్తయ్య మార్చిలో వచ్చింది. నాకు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, షిఫ్టులు. మా ఆయనకి యూనివర్సిటీలో పని. మా అమ్మాయి నాలుగో క్లాసు. బడికి తీసుకెళ్లడానికీ తీసుకురావడానికీ మనిషి కావాలని అత్తయ్యని పిలిపించాం. తెనాలిలో అత్తయ్యది టైలరింగ్ షాపు. లంగా జాకెట్లు కుట్టడంలో ఆవిడ చెయ్యి పడితే ఇక వంక పెట్టడానికి ఉండదని మా పెళ్లికి ముందే నాకు చెప్పారు. మిషను ముందు కూర్చుంటే మిషనుకే భయం వేస్తుందని మాత్రం చెప్పలేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత. చాలా ఏళ్లు అత్త లేకుండా ఉండి చూశాను. ఉత్తమురాలినేమీ కాలేదు. డ్యూటీ నుంచి వచ్చి అందరి మీదా అరిచేదాన్ని, ఆ తరవాత గిన్నెల మీద అరిచేదాన్ని. ఆవిడ వచ్చాక కూడా అరుస్తూనే ఉన్నాను కానీ, ఇప్పుడు తిరిగి అరవడానికి ఒక మనిషి ఉంది. ఉప్పెక్కువైందని నేనంటే నీ నాలుక్కి జ్వరం వచ్చిందని ఆవిడంటుంది. అరిచాక "తిన్నావా?" అని అడుగుతుంది. ఆ "తిన్నావా" కోసం నేను ఆసుపత్రి నుంచి కారు కాస్త వేగంగా నడిపేదాన్ని. ఆవిడ వెళ్లిపోతే నేను ఏడుస్తానని నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు. మా మధ్య అలాంటి మాటలు నడవవు.

అసలు సంకటం అక్కడే వచ్చింది. సిడ్నీలో ద పాండ్స్ అనే పేటలో మా ఆడపడుచు ఉంటుంది, మా ఆయనకి అక్క. ఆవిడ ఇంట్లో గదిగదికీ గోడల్లోంచి వెచ్చటి గాలి వస్తుంది. రోజూ సాయంత్రం వీడియోలో వాళ్లమ్మని చూసేది.

"అమ్మా, ముక్కేంటి అంత ఎర్రగా ఉంది? మోకాళ్లు చూపించు. అయ్యో, వాచిపోయాయిగా! తమ్ముడూ, స్కూల్ హాలిడేస్ కదా, శనివారం నేనే డ్రైవ్ చేసుకుని వస్తున్నా. అమ్మని తీసుకెళ్లిపోతా."

మా ఆయన సరేనన్నాడు. నేనూ కాదనలేకపోయాను. రోజంతా ఇతరుల మోకాళ్ల నొప్పులకి మాత్రలిచ్చేదాన్ని, ఇంట్లో మోకాళ్లని చలిలో పెట్టుకోమని ఏ మొహంతో చెప్పను? అత్తయ్య అవునూ అనలేదు, కాదూ అనలేదు. పెట్టె సర్దుకుని మా అమ్మాయి పడుకునే పై బెర్తు మీద పెట్టింది. నేను ఇటు తిరిగితే పెట్టె, అటు తిరిగితే పెట్టె. శనివారంలోగా నేల వెచ్చబడకపోతే ఈ మనిషి వెళ్లిపోతుంది. నాకు మిగిలింది ఆ ఒక్క లెక్క.

బకెట్టుతో నిలబడ్డ ఆ ఉదయమే పక్క బండి అంకుల్ నాకు మందు చెప్పాడు. ఆయన బండి చుట్టూ నేల దాకా మందపాటి కాన్వాసు గుడ్డ దించి ఉంది. "గాలిని కింద దూరనివ్వకు, నేల దానంతటదే కుదుటపడుతుంది. ఒక మూల జాలీ పెట్టించడం మరిచిపోకు, గ్యాసున్న బండికి గాలి ఆడాలి," అని చెప్పి, దాన్ని స్కర్టింగ్ అంటారనీ, ఊళ్లో కాన్వాసు షాపువాడు కొలతలిస్తే కుట్టిస్తాడనీ దారి కూడా చెప్పాడు.

నేను ఆ మాట మోసుకొచ్చేలోపే అత్తయ్య మెడలో టేపు వేసుకుని సిద్ధంగా ఉంది. మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్లో, "అమ్మా, ఆగు, ఈవినింగ్ వచ్చి నేను మెజర్ చేస్తా," అన్నాడు.

"ఆడపిల్ల లంగాకి మగాళ్లు కొలతలు తీస్తార్రా? పని చూసుకో," అని ఫోను నాకిచ్చేసింది. బండి చుట్టూ తిరిగి నడుము కొలిచింది. గుమ్మం దగ్గర వంగి పొడుగు కొలిచింది. కొలిచినవన్నీ నోటికి అప్పజెప్పుకుంటూ కారెక్కింది. ప్రార్థన చేసి సీటు బెల్టు పెట్టుకుంది.

కాన్వాసు షాపులో ఎర్ర గడ్డం మనిషి ఒకడు ఉన్నాడు. పాపం, ఆ రోజు దాకా అతను తెనాలి టైలరుని చూడలేదు. అత్తయ్య లోపలికి వెళ్లగానే స్టూలు వెతుక్కుని కూర్చుంది. చీరల షాపులో అలవాటు. "ఆ పైది దింపమను," అంది. దింపాడు. "దాని కిందది." తీశాడు. "ఇందులో వేరే రంగు?" అతని దగ్గర ఉన్నవి రెండే రంగులు, బూడిద రంగు, ముదురాకుపచ్చ. ఆ రెండు రంగుల్లోనే షాపంతా కింద పరిపించింది. గుడ్డని నలిపి చూసింది, వాసన చూసింది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది, మూల నుంచి ఒక దారం లాగి పంటితో కొరికింది. అతను నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"బోర్డరు లేదా?" అంది అత్తయ్య.

"బోర్డరు ఉందా అని అడుగుతున్నారు," అన్నాను, తల ఎత్తకుండా.

లేదట. ఆకుపచ్చ ఖాయమైంది. కొలతలు చెప్పాక అసలు మాట బయటపెట్టింది. "కింద జానెడు ఎక్కువ గుడ్డ వదిలి, లోపలికి మడిచి, పెద్ద కుట్టు వెయ్యమను. విప్పడానికి వీలుగా ఉండాలి."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేంటే? పెరిగే పిల్లకి మడత పెట్టకుండా కుడతారా?"

తెనాలిలో ఆవిడ కుట్టిన ప్రతి లంగాకీ ఆ మడత ఉంటుంది. ఏడాదికోసారి ఒక మడత విప్పుకుంటూ పిల్లలు అదే లంగాని హైస్కూలు దాకా లాక్కొస్తారు. నాకు నవ్వు పొంగుకొస్తోంది. పెదవి కొరుక్కుని ఆ మాటని ఇంగ్లీషులో పెట్టాను. గడ్డం అతను చాలాసేపు ఆలోచించాడు.

"ఇది కారవాన్‌కే కదా?" అన్నాడు.

"అవును."

"కారవాన్ పెరగదు కదా?"

అత్తయ్యకి ఇంగ్లీషు రాదనుకుంటాం కానీ, తన పని గురించి ఎవరేమన్నా ఆవిడకి అర్థమవుతుంది. "మా వూళ్లో ప్రతి తల్లీ ఈ మాటే అంటదని చెప్పు. ఆర్నెల్లు తిరక్కుండా నా దగ్గరికే వస్తదని చెప్పు," అంది. అది నేను చెప్పలేకపోయాను. బల్ల మీద తల పెట్టి నవ్వేశాను. అతనికీ నవ్వు అంటుకుంది. మేమిద్దరం అలా నవ్వుతుంటే అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచి, "జాకెట్ ముక్క ఇస్తాడేమో అడుగు," అంది. ఇచ్చాడు. ఒక మీటరు ముక్క, మడిచి, రబ్బరు బ్యాండు వేసి మరీ ఇచ్చాడు.

గురువారానికి లంగా తయారైంది. శుక్రవారం నాకు సెలవు, మా ఆయన కూడా పని ఎగ్గొట్టాడు. బండి అంచున సన్నటి గాడి ఉంటుంది. గుడ్డ పై అంచులో తాడు పెట్టి కుట్టి ఉంటుంది. ఆ తాడు అంచుని గాడిలో దూర్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాక్కుంటూ పోవాలి. చెప్పడానికి ఇంతే. మేము లాగితే జానెడు వెళ్లి మొండికేసింది. మా ఆయన ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. అత్తయ్య ఆయన్ని పక్కకి జరిపి, జడలోంచి పెద్ద పిన్నీసు తీసింది. ఆవిడ జడలో పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి.

"లంగాకి బొందు ఎక్కించడం ఎప్పుడూ చూళ్లేదా?" అని గుడ్డ కొసకి పిన్నీసు గుచ్చి, దానికి పురికొస కట్టి, గాడిలోకి పోనిచ్చింది. నేను ముందు నుంచి లాగుతుంటే, ఆయన వెనక నుంచి గుడ్డ అందిస్తుంటే, మా అమ్మాయి మధ్యలో దూకుతూ, "పుల్, మమ్! నానమ్మా, ఇట్స్ మూవింగ్!" అని అరుస్తుంటే, బండి చుట్టూ ఆకుపచ్చ లంగా జరజరా పాక్కుంటూ వచ్చింది. మధ్యలో గాలి కొట్టి అదంతా ఒక్కసారి బెలూన్‌లా ఉబ్బింది. మా ఆయన దాని కింద చిక్కుకుపోయి కాళ్లు మాత్రం బయటికి కనిపించాయి. అంకుల్ తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ చప్పట్లు కొట్టాడు.

బాగుంది అనుకుంటూ పడమటి వైపుకి వెళ్లాను. గాలి వచ్చేదే ఆ వైపు నుంచి. అక్కడ నేల కొంచెం పల్లం. లంగా నేలకి జానెడు ఎత్తున వేలాడుతోంది.

"అత్తయ్యా, ఈ పక్క కొలవలేదా?"

"లంగా పొడుగు ఒక్క పక్కే కొలుస్తాం. నాలుగు పక్కలా నాలుగు పొడుగులుండే ఆడపిల్లని నేనెక్కడా చూళ్లేదు," అంది కానీ, ఆవిడ మొహం చిన్నబోయింది. గాలి ఆ సందులోంచి ఈల వేసుకుంటూ లోపలికి పోతోంది. షాపువాడికి మళ్లీ ఇస్తే సోమవారం దాకా రాదు. వదిన వచ్చేది రేపు. నాకు నేల మీద కూలబడి ఏడవాలనిపించింది. ఏడుపు రాక మా ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. ఎందుకంటే పక్కన ఆయనే ఉన్నాడు.

అప్పుడు మా ఆయన నెమ్మదిగా, "అమ్మా, లోపల మడత పెట్టించావు కదా?" అన్నాడు.

అత్తయ్య జాకెట్లోంచి చిన్న కత్తెర తీసింది. పడమటి వైపు పెద్ద కుట్టు ఒక్కొక్కటే తెంపుకుంటూ పోయింది. జానెడు మడత విడిపోయి, గుడ్డ జారి, సరిగ్గా గడ్డి మీద కూర్చుంది. ఈల ఆగిపోయింది.

"చూశావా? పెరిగింది," అంది అత్తయ్య.

ఇక మమ్మల్ని ఎవరూ పట్టలేకపోయారు. మా ఆయన గడ్డి మీద దొర్లాడు. నేను బండికి ఆనుకుని నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. అంత పెద్ద పొరపాటు చేసి, ఆ పొరపాటుకి విరుగుడు ముందే మడిచి కుట్టించి పెట్టిన మనిషిని నేను ఆవిణ్ని తప్ప చూడలేదు. అత్తయ్య బండి ముందుకి వెళ్లి, మిగిలిన ముక్కతో తను కుట్టి తెచ్చిన చిన్న జాకెట్టు తీసి, కారుకి తగిలించే ఆ ఇనప ముక్కుకి తొడిగింది. దానికి గుండీలు కూడా ఉన్నాయి. ఓణీ ఒక్కటే తక్కువ, ఫంక్షను చేసి భోజనాలు పెట్టేద్దాం అన్నాడు మా ఆయన.

మూడు పక్కలా గుడ్డ అంచుని నేలకి బిగించి మేకులు దిగ్గొట్టి, అదనపు మేకులు తేవడానికి ఆయన తన కారులో ఊళ్లోకి వెళ్లాడు. గుమ్మం వైపు మాత్రం మిగిలింది. నేను టీ పెట్టి అంకుల్‌కి ఒక కప్పు ఇచ్చి, కాసేపు ఆయన మెచ్చుకోళ్లు విని తిరిగొచ్చాను. లోపలికి వెళ్లేసరికి పై బెర్తు ఖాళీగా ఉంది. పెట్టె లేదు.

నా కారు గుమ్మం పక్కనే ఉంది. అందులో పెట్టించేసింది కాబోలు. రేపు వదిన రాగానే ఆలస్యం కాకూడదని, ఒక రోజు ముందే! నవ్వంతా ఎక్కడికి పోయిందో పోయింది. ఇంత చాకిరీ ఎవరి కోసం చేసినట్టు? కనీసం రాత్రి పడుకుని, పొద్దున్న నేల మీద కాలు పెట్టి చూడచ్చు కదా? అడుగుదామని బయటికొచ్చాను. ఆవిడ కుర్చీలో తీరిగ్గా కూర్చుని టీ ఊదుకుంటోంది. మా ఆయన అప్పుడే మేకులతో దిగాడు.

"ఆ మిగిలినవి నువ్వు కొట్టవే అమ్మాయ్. వాడు కొడితే వంకర పోతాయి," అంది.

కొట్టాను. నోటితో అనలేని మాటలన్నీ సుత్తితో అన్నాను. చెట్టు మీద తెల్ల కాకటూ చిలకలన్నీ గోల చేసుకుంటూ లేచిపోయాయి. ఒక్కో మేకూ తలదాకా నేలలోకి దిగిపోయింది. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిచకిచ నవ్వుతోంది. పొద్దున్నుంచీ దానికి నవ్వే కదా అని పట్టించుకోలేదు.

శనివారం పొద్దున్న లేచి నేల మీద కాలు పెట్టాను. మళ్లీ పైకి లాక్కోలేదు. వెచ్చగా అంటే మరీ వెచ్చగా కాదు కానీ, మనుషులు నిలబడే నేలలా ఉంది. అత్తయ్య ఒక్క జత మేజోళ్లతో అటూ ఇటూ తిరుగుతూ ఇడ్లీ పెట్టింది. వెళ్తానని అనలేదు, ఉంటానని అనలేదు. నేనూ అడగలేదు. ఇడ్లీ మెత్తగా ఉందని కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం వదిన వచ్చింది. బండి చుట్టూ లంగా, ముక్కుకి జాకెట్టు చూసి గుమ్మంలోనే నిలబడి నవ్వింది. లోపలికొచ్చి బూట్లు విప్పి, నేల మీద పాదాలు అటూ ఇటూ కదిపి చూసి, "పర్లేదే!" అంది. అయినా వచ్చిన పని మరిచిపోయే మనిషి కాదు. తిన్నాక, "అమ్మా, పెట్టె ఏది? కార్లో పెట్టేస్తా," అంది.

"నా కారు డిక్కీలో ఉంది," అన్నాను, సింకు వైపు తిరిగి.

మా ఆయన వెళ్లి డిక్కీ తీసి చూశాడు. లేదు. బెర్తు కింద లేదు. అంకుల్ దగ్గర లేదు. అందరం ఉన్న కాస్త జాగాలోనే ఒకళ్లనొకళ్లం గుద్దుకుంటూ వెతుకుతుంటే, మా అమ్మాయి ఇక ఆపుకోలేకపోయింది.

"ఇట్స్ అండర్ అస్!" అని అరిచి, నేల మీద దబదబా కాళ్లతో తట్టి చూపించింది.

అందరం అత్తయ్య వైపు తిరిగాం. ఆవిడ పప్పు గిన్నె తుడుస్తోంది.

"అవును, బండి కిందుంది. తీయాలంటే మేకులన్నీ పీకాలి, లంగా ఎత్తాలి. ఎవరు ఎత్తుతారో ఎత్తండి, చూస్తా," అంది.

"అమ్మా, ఎప్పుడు పెట్టావు అక్కడ?" అంది వదిన.

"నిన్న. ఆ పక్క మేకులు కొట్టకముందు. పిల్లా నేనూ తోసేశాం. ఇల్లు కట్టాక తీద్దాంలే."

"మరి కట్టుకోవడానికి? చీరలన్నీ అందులోనేగా?"

"రెండు చీరలు, స్వెట్టరు, బైబిలు, మోకాళ్ల తైలం ముందే బయట పెట్టుకున్నా."

తైలం సీసా ఉప్పు డబ్బా పక్కన ఉంది. శుక్రవారం పొద్దున్న, లంగా సంచిలోంచి ఇంకా బయటికి తీయకముందే, టీ పొడి కోసం చెయ్యి పెడితే అది నాకు అడ్డం వచ్చింది. విసుక్కుని పక్కకి జరిపాను కూడా. నేల వెచ్చబడుతుందో లేదో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అలాంటప్పుడు నాకు కోపం ఒక్కటే బయటికొస్తుంది. "ఆ మాట నిన్ననే చెప్పచ్చుగా అత్తయ్యా!" అని అరిచాను.

"చెప్పుంటే మేకులు అంత గట్టిగా కొట్టేదానివా?" అంది అత్తయ్య.